దాలమ్మ గీత విరగలేదు

"చెయ్యి వదులుగా పెట్టు పిన్నీ. బిగించకు."

"వొదులుగానే ఎట్టినానే. ఇంతమంది సూస్తంటే సెయ్యి దానంతటదే బిగుసుకుంటాది. నానేటి సెయ్యను?"

జీడిపప్పు పొట్టు తీసే హాలంతా నవ్వింది. కుసుమకూ నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది. ఇవాళ ఆమె పిన్నిని చూడటానికి రాలేదు. విశాఖపట్నం ప్రయోగశాల నుంచి, మెడలో గుర్తింపు కార్డుతో, తను తయారు చేసిన యంత్రం పట్టుకుని వచ్చింది. మంట పుట్టకుండా దాలమ్మ రాసుకున్న ఆముదం జిడ్డు మణికట్టు మీంచి గుడ్డతో తుడిచి మెత్తటి పట్టీ చుట్టింది. పొట్టు పనిలోకి రాకముందు దాలమ్మ జీడి పిక్కలు కొట్టేది. జీడి జిగురుకు కాలిన వేళ్ల చివరలు ఇంకా నల్లగా, నున్నగా ఉన్నాయి.

బల్ల మీద ఉన్న తెరపై ఆకుపచ్చ గీత ఒకటి కదలడం మొదలుపెట్టింది. చిన్న చిన్న అలలతో, ఎడమ నుంచి కుడికి, తొందర లేకుండా.

"నేను కొన్ని మాటలు చదువుతాను. నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. ఊరికే విను."

"ఇంటాను. సదువు."

"వచ్చే నెల నుంచి నీ కూలిలో రూపాయికి పది పైసలు తగ్గిస్తారు."

గీత అలాగే సాగింది.

"రూపాయికి ఇరవై పైసలు తగ్గిస్తారు."

దాలమ్మ కిటికీ వైపు చూస్తోంది. గీత అలాగే సాగింది. కుసుమ ముప్పై అంది, నలభై అంది. చివరికి, "సగం కూలే ఇస్తారు," అని చదివి తెర వైపు చూసింది. అలల్లో మార్పు లేదు.

"ఓలమ్మో! దాలమ్మకి రగతం బదులు మజ్జిగ పారతన్నాదర్రా!" అని ఎవరో అన్నారు.

"సగం కూలంటే కూడా కదల్లేదేటే? బాబుగోరు ఇంటన్నారు, జాగర్త!"

ఆ తరవాత రాజులమ్మ వంతు వచ్చింది. దాలమ్మ పక్క పీట మీద కూర్చుని పని చేసే మనిషి. ముప్పై ఏళ్లు నిండలేదు. భర్త లేడు, బడికి వెళ్లే కూతురు ఉంది. కుసుమ మొదటి మాట చదివిందో లేదో, తెర మీద గీత ముక్కలు ముక్కలైపోయింది. పగిలిన గాజుల్లా ఆకుపచ్చ తునకలు పైకీ కిందికీ ఎగిరాయి.

"పది పైసలకే సచ్చిపోనాది!" అన్నారు వెనకనుంచి.

రాజులమ్మ పైట చెంగు లాగి మణికట్టు మీద కప్పుకుంది. అది కప్పినంత మాత్రాన తెర మీది గీత దాగలేదు.

కుసుమ యంత్రం చేసేది ఇంతే. భయం మనసుకు అందకముందే చర్మం కింద సన్నటి రక్తనాళాల్లో ఒక వణుకు పుడుతుంది. ఆ మనిషికి కూడా తెలియని వణుకు. దాన్ని దాచడానికి వీలు లేదు, నటించడానికీ వీలు లేదు. రక్తపోటు మీద ఏదో చిన్న పరిశోధన చేస్తూ, సూది కోసం ఎదురుచూస్తున్న ఒక రోగి చేతి మీద కుసుమ దాన్ని మొదటిసారి చూసింది. ఎవరి గీత ఏ మాట దగ్గర విరుగుతుందో, అక్కడితో ఆ మనిషి ఓర్పు అయిపోయినట్టు.

ఫ్యాక్టరీ యజమాని బృందావనం గారు గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నారు. ఆయన చెడ్డవాడు కాడు. చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీలకు ఒకటొకటిగా తాళాలు పడుతున్నా ఈయన గేటు మూయలేదు. ఆఫ్రికా పిక్క ధర పెరిగింది. పప్పు కొనేవాళ్లు తగ్గారు. ఇదివరకు ఇలాంటి కాలం వస్తే ఆయన ముందు రెండు దారులే ఉండేవి. కొందరిని ఇంటికి పంపడం, లేదా కిలోకి ఇచ్చే కూలి అందరికీ ఒకేలా తగ్గించడం. అందరికీ ఒకేలా తగ్గించినప్పుడు అందరి ఇళ్లూ ఒకేలా తగ్గవు. ఒక ఇంట్లో కూరలో నూనె తగ్గుతుంది, ఇంకో ఇంట్లో పిల్ల బడి మానుతుంది. ఆ తేడా చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టే కుసుమకు ఈ ఆలోచన వచ్చింది. ఎవరికి తగ్గిస్తే విరిగిపోతారో ముందే తెలిస్తే వాళ్లను కాపాడవచ్చు. ఆ బరువును ఓర్చుకోగలిగినవాళ్లు కాస్త ఎక్కువ మోస్తారు.

మిగిలినవాళ్లను పక్క గదిలో ఒక్కొక్కరినే కొలిచాక ఆ మాటే కాగితం మీద పెట్టారు. గీత విరిగినవాళ్ల కూలి ముట్టుకోనని బృందావనం గారు హాలులో అందరి ముందూ సంతకం చేశారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. దాలమ్మ కూడా కొట్టింది.

*

సోమవారం ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ ఇచ్చారు. ఎవరి రేటు వాళ్లదే. ఒకరిది ఒకరికి చెప్పుకోవద్దన్నాడు మేనేజరు. గొడవలు వస్తాయని ఆయన భయం.

సాయంత్రం దాలమ్మ ఫోను చేసింది.

"అమ్మీ, నాకు బాగానే కోసినారే."

"ఎంత పిన్నీ?"

"సెప్పుకోకూడదంట కదా." నవ్వింది. "పోనీలే. నాకోర్పుందని నీ మిషనే సెప్పింది. రాజులమ్మకి అలగే ఉంచినారు. బడికెల్లే గుంట ఉన్నాది దానికి. మంచి పనే సేసినావు."

"చిన్నాన్నకి ఇబ్బంది అవదు కదా?"

"ఎందుకవుతాదే? నడుస్తాదిలే."

కుసుమ ఫోను పెట్టేసింది. దాలమ్మ భర్త లోకనాథానికి మూత్రపిండాలు పాడై మూడేళ్లయింది. ఉద్దానం ఊళ్లలో ఆ జబ్బు లేని వీధి తక్కువ. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకువెళ్లి రక్తం శుభ్రం చేయించాలి. అది ఉచితమే, కానీ ఆటో ఉచితం కాదు, దాలమ్మకు పోయే సగం పూట పని కూడా ఉచితం కాదు. అలాంటి ఇంటి మనిషి గీత సగం కూలి దగ్గర కూడా ఎందుకు విరగలేదో కుసుమకు అర్థం కాలేదు. పిన్ని దగ్గర ఏదో కాస్త వెనకేసినది ఉందేమో అనుకుంది. యంత్రం తప్పు చెప్పదని ఆమెకు తెలుసు. వందలమంది మీద చూసింది.

నెలాఖరుకు ఫెలోషిప్పు రాగానే కొంత పంపితే దాలమ్మ తిరిగి పంపేసింది. "నీ గది అద్దె కట్టుకో. నాకొద్దు," అంది.

ప్రయోగశాలలో పని ఎక్కువైంది. నూలు మిల్లు వాళ్లొకరు, రొయ్యల ప్లాంటు వాళ్లొకరు యంత్రం కావాలని అడిగారు. ప్రొఫెసర్ శేషశయనం గారు ఎప్పుడూ లేనిది కుసుమను తన గదిలోకి పిలిచి టీ ఇప్పించారు.

"వ్యాపారం పడిపోయినప్పుడు దెబ్బ ఎవరికి తగలాలన్నది ఇంతవరకూ అరుపుల మీద తేలేది," అన్నారాయన. "గట్టిగా అరిచినవాడు బతికేవాడు. నువ్వు అరవలేనివాళ్ల చేతికి గొంతు ఇచ్చావు."

ఆ మాట కుసుమకు చాలా రోజులు గుర్తుంది.

*

వానాకాలం మధ్యలో ఊరికి వెళ్లింది. ముందుగా చెప్పకుండా వెళ్లింది.

లోకనాథం వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుసుమ దుప్పటి తీసి చూస్తే కాళ్లు రెండూ వాచి, చర్మం సాగి మెరుస్తున్నాయి. ముఖం కూడా ఉబ్బింది. కుసుమ వేలితో కాలి మీద నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"చిన్నాన్నా, వారానికి మూడుసార్లు వెళ్తున్నావా?"

"రెండు."

"ఎవరు తగ్గించమన్నారు?"

"ఎవులూ అన్లేదు." వాకిట్లో ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. దాలమ్మ ఇంకా పని నుంచి రాలేదు. "మూడో రోజు ఎల్తే మీ పిన్నికి తూకం పడిపోతాదే. పొట్టు తీసిన పప్పుకి కిలోల్లెక్క కదా. నన్ను దింపి మజ్జాన్నం ఎల్లి ఏటి తీస్తాది?"

"ఇంతకుముందు కూడా అంతే కదా. అప్పుడు మూడుసార్లూ వెళ్లేవాడివి."

లోకనాథం గొంతు తగ్గించాడు.

"నీకు సెప్పలేదా అది? సెప్పదులే. సెప్పుకునేది కాదది."

అప్పుడు చెప్పాడు. సాయంత్రం తూకానికి ముందు వరసలోని ఆడవాళ్లు చేతులు కడుక్కోవడానికి లేస్తారు. ఆ రోజు ఎవరి చేట వెలితిగా ఉందో ఆ మనిషి ముందు లేస్తుంది. ఆమె కుళాయి దగ్గర ఉండగా మిగిలినవాళ్లు తలా ఒక పిడికెడు పప్పు తమ చేటలోంచి తీసి ఆమె చేటలో వేస్తారు. వేసినట్టు ఎవరూ చెప్పరు. వచ్చిన మనిషి చూసినట్టు చెప్పదు. జ్వరం వచ్చినా, కొత్తగా పురుడు పోసుకున్నా, ఇంట్లో ఎవరైనా పోయినా అంతే. పప్పు తూచే మేస్త్రీ ఆ కాసేపు బయటికి వెళ్లి బీడీ కాలుస్తాడు. ఇది ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

"నాను ఆస్పత్రికెల్లిన రోజల్లా మీ పిన్ని సేట నిండే ఉండీది," అన్నాడు లోకనాథం. "దానికెప్పుడూ బెంగలేదు."

"ఇప్పుడు వెయ్యట్లేదా?"

"ఏలా ఎస్తారే? దానికోర్పుందని మిషను సెప్పింది కదా, పదిమందిలో. సగం కూలికీ కదల్లేదని అందరూ సూసినారు. మరి దాని సేట్లో ఎయ్యడం దేనికీ అనుకున్నారు. పోనీ రాజులమ్మకి ఏస్తారా అంటే దానికి పూర్తి రేటున్నాది, దానికేలా అంటారు. పది పైసల మనిసని పేరెట్టి పిలస్తన్నారు దాన్ని. అదీ ఎవులితోటీ మాటాడదు. ఎవులి రేటెంతో ఎవులికీ తెల్దు. పక్కనోలు ఎక్కువ తింటన్నారేమోనని అందరికీ అనుమానం."

గేటు చప్పుడైంది. దాలమ్మ వచ్చింది. కుసుమను చూసి ముఖం వెలిగింది, వెంటనే భర్త కాళ్ల మీద దుప్పటి ఎవరు తీశారా అని చూసింది.

"ఏటే, సెప్పకుండా వొచ్చీసినావు? తిన్నావా?"

వంటింట్లో దాలమ్మ పొయ్యి వెలిగిస్తుంటే కుసుమ సంచిలోంచి పట్టీ తీసింది.

"ఒకసారి చెయ్యి ఇయ్యి పిన్నీ."

"ఇప్పుడేలా? అన్నం ఉడకనీ."

"ఉడుకుతుందిలే. ఒక్కసారి."

పట్టీ చుట్టింది. చేతిలోని చిన్న తెరను మోకాలి మీద పెట్టుకుంది. చదవడానికి నోరు తెరిచింది. చదవక్కర్లేకపోయింది. పట్టీ బిగియగానే, ఇంకా ఏ మాటా పుట్టకముందే, గీత విరిగిపోయింది. విరుగుతూనే ఉంది.

"ఏటంటన్నాది నీ మిషను?" అని దాలమ్మ అన్నం గిన్నె మీద మూత తీస్తూ అడిగింది.

"ఏం లేదు పిన్నీ."

*

"ఇందులో కష్టం ఏముంది?" అన్నారు శేషశయనం గారు, కుసుమ చెప్పిందంతా విని. "ఆవిడ పరిస్థితి మారింది. మళ్లీ కొలిచి కూలి తగ్గించనివాళ్ల జాబితాలోకి తీసుకోండి. యంత్రం ఉన్నది అందుకే కదా."

"ఆమెను అందులోకి తీసుకుంటే ఆ తగ్గింపు ఇంకొకరి మీద పడాలి సార్. వాళ్లకూ ఇప్పుడు గీత నిలవదు. అందరివీ విరుగుతాయి."

"అంత కచ్చితంగా ఎలా చెప్తావు?"

"మనం కొలిచింది మా పిన్ని ఓర్పు కాదు సార్. ఆ రోజు ఆమె భయపడలేదు, ఎందుకంటే తను పడిపోతే పక్కవాళ్లు పట్టుకుంటారని ఆమె ఒంటికి తెలుసు. ఆ ధైర్యాన్ని మనం ఆమె సొంతం అని రాశాం. రాసి, దాన్నే కోశాం."

ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపం లేదు. అలసట ఉంది.

"గీత ఒక మనిషిది కాదు, ఆ వరస మొత్తానిదని నువ్వంటే ఎవరూ నమ్మరమ్మా. చూపించు."

కుసుమ బృందావనం గారిని కలిసింది. పిడికెళ్ల సంగతి చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మా నాన్నగారి రోజుల్నుంచి ఉంది. మాకు తెలీదనుకుంటారు, మేం తెలీనట్టు ఉంటాం." సొరుగులోంచి ఆ కాగితం తీశారు. "నేను సంతకం పెట్టిన కాగితం నాకు ఉరితాడైందమ్మా. విరిగినవాళ్లని ముట్టుకోనన్నాను. ఇప్పుడు దాలమ్మ కూడా విరిగిందంటున్నావు. ఆవిణ్నీ, ఆవిడలా విరిగేవాళ్లందరినీ పైకి తీస్తే ఆ లోటు పూడ్చలేను. నలుగురిని పంపెయ్యాలి. ఎవరిని పంపాలో కూడా నీ మిషనే చెప్తుందా?"

"వాళ్లందరినీ పక్కన కూర్చోబెట్టి పిన్నిని మళ్లీ కొలుస్తాను సార్. వరస పక్కనుంటే గీత నిలబడుతుంది. అది మీరు కళ్లారా చూస్తే పాత పద్ధతికి వెళ్లండి. అందరికీ ఒకటే రేటు, తగ్గించినా సరే. మిగిలింది వాళ్లు చూసుకుంటారు."

"నిలబడకపోతే?"

"నిలబడుతుంది సార్."

"నిలబడకపోతే కాగితం ప్రకారమే పోతాను," అన్నారాయన. "నలుగురు వెళ్తారు. నాకు వేరే దారి లేదు."

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలులో బల్ల వేశారు. పక్కనే కుర్చీలో బృందావనం గారు కూర్చున్నారు. దాలమ్మ దాని ముందు కూర్చుంది. మిగిలినవాళ్లు చుట్టూ పీటలు జరుపుకుని చేరారు. దగ్గరగానే కూర్చున్నారు, కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. అందరికంటే వెనక, తలుపు పక్కన రాజులమ్మ నిలబడి ఉంది. నలుగురిని పంపేస్తారన్న మాట అప్పటికే పాకింది.

"పిన్నీ, ఇటు చూడు. ఇదిగో అందరూ నీ పక్కనే ఉన్నారు."

"సూస్తన్నాను."

కుసుమ గొంతు సర్దుకుంది. "వచ్చే నెల నుంచి నీ కూలిలో రూపాయికి పది పైసలు తగ్గిస్తారు."

గీత విరిగింది.

పక్కనున్న ముసలామె పారమ్మ, దాలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "కూకున్నాం కదే. ఎక్కడికెల్తాం?" అంది. ఇంకో ఇద్దరు ముందుకు జరిగారు. కుసుమ కాసేపు ఆగింది. అలలు సర్దుకోవడానికి ఎదురుచూసి, ఈసారి ఐదు పైసలే అని చదివింది.

గీత విరిగింది.

మళ్లీ ఆగింది. కుసుమ తెర వైపే చూస్తోంది. ఏ మాటా చదవకుండా ఊరికే చూస్తోంది. ఆకుపచ్చ తునకలు ఆగడం లేదు.

"కోప్పడకే అమ్మీ," అంది దాలమ్మ మెల్లగా. "మనసుకి సెప్తన్నాను. ఇనడం లేదు. ఈలందరూ ఉన్నారని తెలస్తానే ఉన్నాది. నిన్న లేరు కదా మరి. రేపుంటారో ఉండరో నాకేటి తెలుసు."

ఎవరో ముక్కు చీదారు. పారమ్మ దాలమ్మ భుజం మీంచి చెయ్యి తీసేసింది.

బృందావనం గారు కుర్చీలోంచి లేచారు. "సరేనమ్మా. చూశాను." ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు. మేనేజరు వైపు తిరిగి ఏదో చెప్పబోయారు.

"బాబూ."

తలుపు పక్క నుంచి వచ్చింది ఆ మాట. ఎవరన్నారో అర్థం కావడానికి అందరికీ కాస్త సమయం పట్టింది. రాజులమ్మ హాలులో గట్టిగా మాట్లాడి చాలా కాలమైంది.

"నా రేటు దించీసి అందరికీ ఒకటే సెయ్యండి. ఎవుల్నీ పంపొద్దు."

"నీది విరిగిన గీత రాజులమ్మా. నిన్ను ముట్టుకోనని సంతకం పెట్టాను."

"అప్పుడెప్పుడో కొలిసినారు. మల్లీ కొలుస్కోండి."

కుసుమ పట్టీ విప్పగా దాలమ్మ లేచి పీట ఖాళీ చేసింది. రాజులమ్మ వచ్చి కూర్చుని చెయ్యి చాపింది. కుసుమ పట్టీని ఆమె మణికట్టుకు చుట్టింది. చర్మం చల్లగా, తడిగా ఉంది. ఈసారి నిలుస్తుందేమో అనుకుని వెనకున్నవాళ్లు మెడలు సాచి చూశారు. కుసుమ కూడా అలాగే అనుకుంది.

పట్టీ అంటగానే గీత పగిలిపోయింది. మొదటి రోజు కంటే ఎక్కువగా. తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క అల కూడా మిగల్లేదు.

"చూశావా?" అన్నారు బృందావనం గారు. "ఒళ్లు ఏం చెప్తోందో చూశావా?"

"సూస్తన్నాను బాబూ. బయంగానే ఉన్నాది. ఎందుకుండదు?" రాజులమ్మ తెర వైపే చూస్తూ మాట్లాడింది. "నా కూలి తగ్గితే గుంటకి బస్సు పాసు ఎలా కట్టాలో తెల్దు. సాయంత్రం ఏటొండాలో తెల్దు. అప్పుడూ తెల్దు, ఇప్పుడూ తెల్దు. ఆ పక్కన లోకనాదం బావ కాళ్లు సూసినాను నాను. నా పూర్తి రేటు తింటా ఆ ఇంటి ముందు నుంచి రోజూ ఎల్తన్నాను. తల దించుకుని ఎల్తన్నాను. ఇంక నా వొల్ల కాదు."

"నిన్ను పది పైసల మనిసన్నామని కోపమేటే?" అని వెనకనుంచి ఎవరో తడబడుతూ అడిగారు.

"కోపమే. అది తరవాత సూసుకుందాం. ముందు ఇది అవనీ."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

బృందావనం గారు కుసుమ వైపు చూశారు. "ఏం చెయ్యమంటావమ్మా? మిషను ఒకటి చెప్తోంది, మనిషి ఒకటి చెప్తోంది. కాగితంలో మిషను మాటే ఉంది."

కుసుమ తెర చూసింది. గీత ఎంత భయం చూపిస్తోందో ఆమెకు తెలిసినంతగా ఆ హాలులో ఇంకెవరికీ తెలియదు. ఇంత పెద్ద విరుపు ప్రయోగశాలలో ఎన్నడూ చూడలేదు. దాని పక్కనే రాజులమ్మ గొంతు వింటోంది. ఆ గొంతులో జంకు లేదు. ఇన్నాళ్లూ కుసుమ ఆ రెండూ ఒకటే అనుకుంది.

"ఇది భయాన్ని చూస్తుంది సార్," అంది. "సరిగ్గానే చూస్తుంది. భయపడుతూ ఒక మనిషి ఏం చేస్తుందో దీనికి తెలీదు. కాగితంలో ఆవిడ మాటే రాసుకోండి. నేను సంతకం పెడతాను."

"మరి మిగతా విరిగినవాళ్లు?"

పూర్తి రేటు ఉన్నవాళ్లు ఎవరో ఇన్నాళ్లూ ఎవరికీ సరిగ్గా తెలియదు. కిటికీ దగ్గర నుంచి నీలవేణి, "నాదీ దించీయండి," అంది. ఇంకొకామె తల ఊపింది. పారమ్మ పీట మీదే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని అంది.

"నాను ఇవ్వలేనర్రా. కోడలు సచ్చిపోనాది, మనవలిద్దరూ నా మీదే ఉన్నారు. నాను ఇవ్వలేను."

ఆమె గీత కూడా విరిగిందని అందరికీ అప్పుడు తెలిసింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

"పారమ్మది అలగే ఉంచీయండి బాబూ," అంది దాలమ్మ. "మిగిలినోలందరికీ ఒకటి."

"అలగే ఉంచండి," అంది రాజులమ్మ.

బృందావనం గారు ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చారు. చాలాసేపటికి, "సోమవారం నుంచి అలాగే. ఎవరూ వెళ్లక్కర్లేదు," అన్నారు. "రేటు అందరికీ తెలిసేలా బోర్డు మీద రాయించు," అని మేనేజరుతో చెప్పి బయటికి వెళ్లారు.

దాలమ్మకు పోయిన కూలంతా తిరిగి రాదు, కొంతే వస్తుంది. లోకనాథం మూడో రోజు ఆసుపత్రికి వెళ్లడానికి అది చాలుతుందో లేదో ఆమె మనసులో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. రాజులమ్మ వైపు తిరిగి ఏదో అనబోయింది. రాజులమ్మ ఆ మాట కోసం ఆగలేదు.

కుసుమ రాజులమ్మ చేతికి ఉన్న పట్టీ విప్పింది. చర్మం మీద ఎర్రటి గుర్తు పడింది. ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. యంత్రం లేకుండానే కనబడేంతగా. రాజులమ్మ లేచి, దాలమ్మ పక్కన ఉన్న తన పీట మీదికి వెళ్లి కూర్చుని, చిన్న కత్తి అందుకుంది. వణికే వేళ్ల మధ్య మొదటి పప్పు రెండు బద్దలైంది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది.